రత్నం గారి కాలి తొడుగులు

నీలం రంగు ప్లాస్టిక్ కవర్లు కాళ్ళకు తొడుక్కుని నడుస్తుంటే ఒక చప్పుడు వస్తుంది. ఖాళీ పాలప్యాకెట్‌ను గుప్పిట్లో నలిపినట్టుంటుంది. మొన్న ఆదివారం గచ్చిబౌలి దాటాక కొత్తగా కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో నమూనా ఫ్లాట్ చూడటానికి వెళ్ళినప్పుడు ఆ చప్పుడు మళ్ళీ విన్నాను. గుమ్మం పక్కన వెదురుబుట్ట నిండా కవర్లు పెట్టారు. టై కట్టుకున్న సేల్స్ యువకుడు వచ్చినవాళ్ళందరికీ తలా రెండు అందిస్తూ, "లోపల ఇటాలియన్ మార్బుల్ సార్, ప్లీజ్" అంటున్నాడు. మా ముందున్న దంపతులు గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ తొడుక్కుని గరగరమంటూ లోపలికి వెళ్ళిపోయారు. నా భార్య సునీత ఆఫీసు హైటెక్ సిటీలో. బాచుపల్లి నుంచి రోజూ వచ్చిపోవడం కష్టమవుతోందని ఇటువైపు ఇల్లు చూస్తున్నాం. ఏ ఇంటికి వెళ్ళినా నేను ముందు నీళ్ళ సంగతి అడుగుతాను. ఏళ్ళ తరబడి పేపర్లో నగరం పేజీకి రాసినవాడి అలవాటు. సునీత మాత్రం గుమ్మం చూస్తుంది. ఆ రోజూ లోపలికి వెళ్ళకుండా, చేతిలో కవర్లు పట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయింది.

"రత్నం గారుంటే ఏమనేవారంటావ్?" అన్నాను.

"ముందు ఆ టై బాబుని బయట నిలబెట్టేవారు. వాడు మూడుసార్లు బయటికెళ్ళొచ్చాడు, అవే కవర్లతో" అంది సునీత.

రత్నం గారిని ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే గొంతుతో మొదలుపెట్టాలి. బాచుపల్లిలో మా ఎదురు ఫ్లాటు ఆమెది. మేం దిగిన రోజు, సామాను మోసేవాళ్ళు లిఫ్టులో బీరువా ఇరికించి నిలబడిపోతే, ఎదురు తలుపు తెరుచుకుని ఒక గొంతు వినిపించింది. "ఎవరూ కదలకండి. ముందు ఆ మధ్యలో ఉన్నాయన ఊపిరి వదలండి." గట్టిగా అరిచింది కాదు, అయినా అందరూ ఆగిపోయారు. మధ్యలో ఉన్నాయన నిజంగానే ఊపిరి వదిలాడు. బీరువా కదిలింది. గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా రిటైరయి, ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నారని తర్వాత తెలిసింది. పొడుగ్గా ఉండేవారు. నేత చీర, కుచ్చిళ్ళు కొంచెం ఎత్తుగా కట్టేవారు, నేల తుడవకూడదని. సాయంత్రాలు పేకాట. ఓడిపోతే ఒప్పుకునేవారు కాదు. టీవీలో ఆస్పత్రి సీను వస్తే చాలు, "ఆ మాస్కు ముక్కు కింద ఉందిరా నాయనా, నువ్వింకేం బతికిస్తావ్" అని నటుణ్ణి కోప్పడేవారు. వాచ్‌మన్ దగ్గర్నుంచి అసోసియేషన్ సెక్రటరీ దాకా అందరికీ ఆమె సిస్టర్ గారే. నన్ను మాత్రం పేపరు బాబూ అనేవారు.

ఒక సాయంత్రం ఆవిడ తన మొదటి ఉద్యోగపు రోజుల గురించి చెప్పారు. అప్పుడది సరదా కబురుగానే విన్నాను. థియేటర్ గుమ్మంలో ఎర్రగీత ఉండేదట. గీతకు ఇవతల బయటి ప్రపంచం, అవతల లోపలి ప్రపంచం. గీత మీద అడ్డంగా ఒక బల్ల. దాని మీద కూర్చుని, ఒక కాలికి గుడ్డ తొడుగు కట్టి ఆ కాలు అవతలికి దించాలి. తర్వాత రెండో కాలికి కట్టి దాన్నీ దించాలి. తొడుగు లేని కాలు అవతల నేలను తాకకూడదు, తొడుగున్న కాలు ఇవతల నేలను తాకకూడదు. కొత్తలో ఒకరోజు స్ట్రెచర్ కోసం వరండాలోకి పరుగెత్తి, కాళ్ళకున్న తొడుగులతోనే తిరిగి లోపలికి రాబోయారట. హెడ్ సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ ఆపేసింది" అన్నారు రత్నం గారు. "'అమ్మాయ్, ఆ గీత నీ కోసం గీసింది కాదు. లోపల పడుకున్న మనిషి కోసం గీసింది. ఆ మనిషి లేచొచ్చి నిన్ను ఆపలేడు కదా' అంది."

"ఏడ్చారా?" అడిగింది సునీత.

"ఏడవడానికి తీరికేదమ్మా? వెళ్ళి కొత్తవి కట్టుకొచ్చాను. ఆ రోజు నుంచి నేనూ ఎవర్నీ వదల్లేదు" అని నవ్వి, ముక్క పడేసి, "షో" అన్నారు. అది షో కాదు. సునీత చూపిస్తే కళ్ళజోడు బాగా లేదన్నారు.

ఆ తర్వాతి సంవత్సరమే సునీతకు జబ్బు చేసింది. రక్తానికి సంబంధించినది. నెలల తరబడి ఆస్పత్రులు, చివరికి ఎముక మజ్జ మార్పిడి. గచ్చిబౌలి వైపు ఒక ఆస్పత్రిలో గాజు తలుపుల వెనక ఉన్న గదిలో నా భార్య వారాల పాటు ఉంది. ఆ తలుపుల ముందు నేను కాళ్ళకు నీలం కవర్లు తొడుక్కోవడం, విప్పడం, మళ్ళీ తొడుక్కోవడం చేస్తుండేవాణ్ణి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. "మార్పిడి బాగా జరిగింది. కానీ ఇప్పుడు ఈమె ఒంట్లో పసిబిడ్డకున్నంత రక్షణ కూడా లేదు. రాబోయే మూడు నెలలే అసలు పరీక్ష. మామూలు జలుబు కూడా మామూలుగా ఉండదు. మనుషుల్ని తగ్గించండి. వచ్చినవాళ్ళు మాస్కు పెట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి."

మనుషుల్ని తగ్గించడం! మా వైపు పరామర్శ అనేది పెళ్ళిపిలుపు కంటే పెద్దది. పెళ్ళికి రాకపోతే ఏదో పని పడిందనుకుంటారు. ఒంట్లో బాగాలేనప్పుడు వెళ్ళకపోతే మనిషే కాదనుకుంటారు. వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వకపోతే ఇక చెప్పేదేముంది. మంత్రుల్ని నిలబెట్టి ప్రశ్నలడిగినవాణ్ణి, మా చిన్నాన్నను గుమ్మంలో ఆపడానికి నోరు రాలేదు. మెడికల్ షాపులో ఒక పెట్టె నీలం కవర్లు కొని తలుపు పక్కన పెట్టాను. అంతటితో పనయిపోయిందనుకున్నాను.

మొదటి రోజే చిన్నాన్న కొడుకు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శుభ్రత తెలిసినవాడు. బూట్ల మీద కవర్లు చక్కగా తొడుక్కుని, మాస్కు పెట్టుకుని, దూరంగా కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్ మోగింది. మర్యాదగా లేచి బయటికి వెళ్ళాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ లిఫ్టు దిగి, పార్కింగ్ అంతా ఒక చుట్టు తిరిగి, పైకొచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. నేను కాళ్ళవైపు చూస్తుంటే, "కవర్లు వేసుకునే ఉన్నా కదన్నా!" అన్నాడు. సాయంత్రం చిన్నాన్న వచ్చాడు. పాతకాలపు మనిషి. చెప్పులు మెట్ల దగ్గరే వదిలేశాడు. కారిడార్ చివర పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. ఆ తడికాళ్ళ మీదే ప్లాస్టిక్ తొడుక్కున్నాడు. రెండడుగులు వేసేసరికి టైల్స్ మీద జర్రుమని జారి, మా ఫ్రిజ్‌ను కౌగిలించుకుని ఆగాడు. ఇదంతా ఎదురు గుమ్మంలోంచి రత్నం గారు చూస్తున్నారు.

"పేపరు బాబూ, ఇది ఇల్లా, బస్టాండా?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో కొత్త సామాను దిగింది. వాళ్ళింట్లో పూలకుండీలు పెట్టుకునే పొడవాటి చెక్కబల్లను కడిగి, ఎండబెట్టి తెచ్చారు. దాన్ని సరిగ్గా గడప మీద అడ్డంగా వేశారు. ఒక సంచి నిండా గుడ్డ తొడుగులు. పాత దుప్పట్లు కత్తిరించి, నాడా వేసి, రాత్రికి రాత్రి కుట్టారని వాళ్ళమ్మాయి చెప్పింది. వేణ్ణీళ్ళలో ఉతికి ఇస్త్రీ చేసినవి ఒక డబ్బాలో, విప్పినవి వేయడానికి మూత ఉన్న బకెట్ వేరే. బల్ల దాటగానే చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు. ఆ తర్వాత మాస్కు.

"చెప్పులు బయట విప్పుతారు కదండీ, మళ్ళీ ఇవెందుకు?" అని అడిగాను.

"నిజం చెప్పాలంటే కాళ్ళదేముంది బాబూ, అసలు దొంగలు చేతులు" అన్నారు తొడుగులు మడతపెడుతూ. "కానీ ఊరికే చేతులు కడుక్కోమంటే ఎవరూ వినరు. ఇలా వేళ్ళు తడిపి అలా తుడిచేస్తారు. అదే కూర్చోబెట్టి కాళ్ళకు ఇవి కట్టుకోమన్నామనుకోండి, ఎక్కడికి వెళ్తున్నామో అన్న ఆలోచన వస్తుంది. కూర్చున్నవాడు తొందరపడడు. తొందరపడనివాడు చేతులు సరిగ్గా కడుగుతాడు. ఇక గుడ్డ ఎందుకంటే, మీ చిన్నాన్న గారు ఇంకోసారి ఫ్రిజ్‌ను కౌగిలించుకోకుండా."

"బల్ల గడప మీద వేశారు కదండీ, గడప మీద కూర్చోమంటే మావాళ్ళు ఊరుకోరేమో."

"గడప మీద ఎవరు కూర్చోమన్నారు? బల్ల మీద."

"బల్ల గడప మీదే ఉంది కదండీ."

"మీరు పేపరు బాబు కాదు, ప్లీడరు బాబు" అని కొట్టిపారేశారు.

మొదట్లో అంతా సజావుగానే నడిచింది. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూనో విసుక్కుంటూనో కూర్చుని, ఒక కాలు కట్టి దించి, రెండో కాలు కట్టి దించి లోపలికి వచ్చేవారు. మా న్యూస్ ఎడిటర్ గారు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆయన బొజ్జ అడ్డొచ్చి నాడా అందడం లేదు. రత్నం గారు వంగి కట్టిపెడుతూ, "మీ పేపర్లో ఆరోగ్యం పేజీ ఎవరు చూస్తారండీ?" అనడిగారు. "నేనేనండీ" అన్నాడాయన దీనంగా. లోపలి గదిలోంచి సునీత నవ్వు వినిపించింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి నవ్వడం.

కానీ సునీత తినడం లేదు. నోట్లో పుండ్లు తగ్గినా ఏదీ సయించడం లేదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది. ఇలాగే ఉంటే మళ్ళీ చేర్చుకోవాల్సి వస్తుందని డాక్టరు గారు హెచ్చరించారు. ఆమె అడిగేది ఒకే ఒక్క మనిషిని, మల్లమ్మ అత్తను. సునీతకు ఊహ తెలియకముందే తల్లి పోతే, మేనత్త మల్లమ్మే తెచ్చి పెంచింది. సిద్దిపేట అవతల ఊరు. పొలం పనిలో ఉండి, కాలు బెణికి, రావడం ఆలస్యమైంది. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. రెండు బస్సులు మారి, చేతిలో గుడ్డసంచితో, చెమటతో లిఫ్టులోంచి దిగింది. చెప్పులు విప్పింది. బల్లను చూసి ఆగింది.

"ఏంది అల్లుడా గిది?" అంది నన్ను చూసి.

నేను చెప్పేలోపు, కాళ్ళకు తొడుగులతో మా లోపలి గదిలో ఉన్న రత్నం గారు గుమ్మంలోకి వచ్చారు. "రండమ్మా. ఇలా కూర్చుని కాళ్ళకు ఇవి కట్టుకుని..."

"గడప మీద కూసోవాల్నా?"

"బల్ల మీదండీ."

"బల్ల యాడుంది మరి? గడప మీదనే ఉంది గద." మల్లమ్మ అత్త గొంతు పెద్దది కాలేదు, సన్నబడింది. "ఇంట్ల పిల్లకు పానం బాగలేదు. గడప మీద లక్ష్మి ఉంటది. మంచిగున్న ఇంట్లనే గడప మీద ఎవరు కూసోరు. గిప్పుడు నేనే వచ్చి కూసుంటే, పిల్లకేమన్న అయితే? నేను కూసోనమ్మా. కాళ్ళకు గుడ్డలు కట్టమంటే కడత, నెత్తికి కట్టమన్నా కడత. గడప మీద మాత్రం కూసోను."

"నిలబడి కట్టుకుంటే తొడుగు బయట నేలకు తగులుతుందండీ. అప్పుడు కట్టుకున్నా ఒకటే, కట్టుకోకపోయినా ఒకటే. ఆ అమ్మాయి మంచికే చెప్తున్నాను."

"నేను పిల్ల చెడుకు చెప్తున్ననా?"

ఇద్దరూ అటొకరు, ఇటొకరు. మధ్యలో బల్ల. నాకు ఆ క్షణాన తోచింది ఒకటే. ఇద్దరూ కాపలా కాస్తున్నది ఒక్క మనిషినే. ఏ పక్కన మాట్లాడినా రెండో పక్కన తప్పు చేసినట్టే. రత్నం గారు దిగిరాలేదు. ఆవిడ ముఖంలో పాత హెడ్ సిస్టర్ కనిపించింది. మల్లమ్మ అత్త కూడా దిగిరాలేదు. సంచి నా చేతికివ్వబోయి, గడప మీదుగా ఇవ్వకూడదని గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి తీసుకుంది. "సరే. నేను గీ మెట్ల మీద కూసుంట. పిల్ల గొంతు ఇనవడితే చాలు" అని వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

గొంతు వినపడటం రెండు వైపులా జరిగింది. "అత్తా?" అని లోపలి నుంచి పిలుపు. ఆ వెంటనే మంచం చప్పుడు. రోజుల తరబడి మంచం దిగడానికి నా భుజం కావలసిన మనిషి, గోడ పట్టుకుని హాల్లోకి వచ్చేసింది. మాస్కు లేదు, కాళ్ళకు ఏమీ లేవు. జుట్టు లేని తల మీద కట్టిన గుడ్డ జారిపోతోంది. "అత్తా, ఏడున్నవ్? లోపలికెందుకు వస్తలేవు?" అంటూ తిన్నగా గుమ్మం వైపు, జనం తిరిగే కారిడార్ వైపు నడుస్తోంది.

"ఆగమ్మా!" అని రత్నం గారు అరిచారు. ఆవిడ అరవడం నేను వినడం అదొక్కసారే. సునీత ఆగలేదు. మెట్ల మీద మల్లమ్మ అత్త లేచి నిలబడింది కానీ ముందుకు రాలేదు, రెండు చేతులతో నోరు మూసుకుంది.

రత్నం గారు ఒక్క క్షణం సునీతను చూశారు. మరుక్షణం బల్లను ఒక చేత్తో ఎత్తి పక్కన గోడకు ఆనించారు. తన కాళ్ళకున్న తొడుగులతో గడపకు లోపలి వైపు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అరిగిన మోకాళ్ళు, కూర్చుంటే లేవడానికి కూతురి చెయ్యి కావాలి. డబ్బాలోంచి రెండు తొడుగులు తీసి, ఒకటి రెండు చేతులతో విప్పార్చి పట్టుకుని, "రండమ్మా. గడప ముట్టుకోవద్దు, కూర్చోవద్దు. నా తల మీద చెయ్యి పెట్టుకోండి. కుడికాలు ఎత్తండి" అన్నారు.

మల్లమ్మ అత్త దగ్గరికొచ్చి నిర్ఘాంతపోయింది. "అయ్యో, పెద్దదానివి అక్కా! నా కాళ్ళు నువ్వు పట్టుడేంది!"

"థియేటర్లో ఎంతమందికి కట్టానో. అందరూ మీకంటే బరువే. ఎత్తండి, ఆ పిల్ల వచ్చేస్తోంది."

మల్లమ్మ అత్త ఆమె తల మీద చెయ్యి ఆనించి కుడికాలు ఎత్తింది. పొలంలో పగుళ్ళు దేలిన పాదం. రత్నం గారు గాలిలోనే దానికి తొడుగు తొడిగి, నాడా బిగించి, గడప దాటించి లోపల దించారు. తర్వాత ఎడమకాలు. గడప మీద ఎవరూ కూర్చోలేదు. తొడుగు బయట నేలకు తగల్లేదు. బల్ల చేయాల్సిన పని ఒక మనిషి చేసింది. నేను అప్పటికి కదిలి సునీతను పట్టుకున్నాను. "చేతులు! చేతులు కడుక్కుని, మాస్కు!" అన్నారు రత్నం గారు నేల మీద నుంచే. మల్లమ్మ అత్త మోచేతుల దాకా కడుక్కుంది. అంత సేపు, అంత శ్రద్ధగా చేతులు కడుక్కున్న మనిషిని ఆ ఇంట్లో నేను అంతకుముందు చూడలేదు.

ఆ సాయంత్రం అత్త వండిన పలచటి జొన్న గటక సునీత గిన్నెడు తాగింది. ఇంకొంచెం పోయమంది. ఆ మాట కోసం మేం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నామో. రాత్రి డబ్బా తీసుకువెళ్ళడానికి వచ్చిన రత్నం గారిని కారిడార్‌లో అడిగాను. "మీరు ఎవర్నీ వదలరు కదండీ, ఈమె కోసం బల్ల తీసేశారే?"

"లోపలి మనిషి లేచి రాలేడనేగా ఆ గీత గీసింది" అన్నారు. "ఆ మనిషే లేచి వచ్చేస్తుంటే, నేను బల్ల పట్టుకుని వేలాడనా? అదీగాక తొడుగు కట్టకుండా ఎవర్నీ వదల్లేదుగా. లెక్క సరిగ్గానే ఉంది." పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మోకాళ్ళు మాత్రం పోయాయి బాబూ. మీ పేపర్లో వేయకండి" అన్నారు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి బల్ల జానెడు జరిగి ఉంది. గడప మీద కాకుండా, గడపను ఆనుకుని బయట కారిడార్‌లో. మల్లమ్మ అత్త దాని మీద కూర్చుని రత్నం గారికి చూపిస్తోంది. "గిట్ల కూసో అక్కా. కాలు కట్టు. బల్ల మీదికెల్లి, గడప మీదికెల్లి, ఒక్కపారే లోపలికి ఎయ్యి. అయిపాయె. లక్ష్మికి కోపం లేదు, నీకు కోపం లేదు." రత్నం గారు రెండుసార్లు వేసి చూశారు. ఏదో ఒక తప్పు పట్టాలని ఆవిడ పడుతున్న అవస్థ నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి, "మనకు కాలు పొడుగు కాబట్టి సరిపోయింది. పొట్టివాళ్ళ సంగతి?" అన్నారు. "పొట్టోళ్ళకు నువ్వే కట్టు" అంది అత్త. ఇద్దరూ నవ్వుకున్నారు.

అత్త ఆ మూడు నెలలు అయ్యేదాకా మాతోనే ఉంది. గుమ్మం కాపలా పూర్తిగా ఆమె చేతుల్లోకి వెళ్ళింది. రత్నం గారి గొంతుకు భయపడనివాళ్ళు కూడా మల్లమ్మ అత్త "ఏయ్, కాళ్ళు!" అంటే వెనక్కి తగ్గేవారు. ఫోన్ మోగిందని లేచిన మా చిన్నాన్న కొడుకుని, "పోతే పో, మళ్ళ వస్తే కొత్తగ కట్టుకోవాలె. జర సోంచాయించుకో" అని బెదిరిస్తే వాడు ఫోన్ కట్టేసి కూర్చున్నాడు. మధ్యాహ్నాలు బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని పేక ఆడేవారు. రత్నం గారికి అత్త దగ్గర కళ్ళజోడు సాకు పనిచేయలేదు. "అక్కా, తొండి" అని ముక్కలు తిప్పి చూపించేది. ఇద్దరి మాటా వేరు, తిండి వేరు, దేవుళ్ళు కూడా కొంత వేరే. ఒకరు అండి అంటే ఒకరు ఏందక్కా అనేవారు. సునీత మెల్లగా కోలుకుంది. డాక్టరు గారు ఇక బయట తిరగవచ్చని చెప్పిన రోజు, ఆమె చెప్పులు లేని కాళ్ళతో గడప దాటి వచ్చి ఆ బల్ల మీద, వాళ్ళిద్దరి మధ్యా కూర్చుంది. నేను తలుపు దగ్గరే నిలబడి చాలాసేపు చూశాను.

ఆ మూడు నెలల తర్వాత నా పని తీరు కొంచెం మారింది. విలేకరికి గుమ్మం అంటే దాటేయాల్సిన అడ్డం. ముందు వెళ్ళినవాడికే వార్త. ఎవరింట్లో కష్టం వచ్చినా నోటుబుక్కు, ప్రశ్నలు, ఫొటోగ్రాఫర్‌తో సహా లోపలికి దూసుకుపోయేవాళ్ళం. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, లోపల ఉన్నది ఎవరు, నాతో పాటు నేనేం మోసుకెళ్తున్నాను అని ఒక క్షణం చూసుకుంటాను. ఆ క్షణం వల్ల కొన్ని వార్తలు ఆలస్యమయ్యాయి. నేను పెద్దగా బాధపడలేదు. కొత్తగా చేరిన పిల్లలకు కూడా ఇదే చెప్తుంటాను. బల్ల సంగతి చెప్పను, చెప్తే నవ్వుతారు. లోపలికి వెళ్ళేముందు ఒకసారి కూర్చున్నంత సేపు ఆగమంటాను, అంతే.

రత్నం గారిని ఆఖరుసారి చూసింది కూడా ఒక గాజు తలుపు అవతలే. గుండె బలహీనపడి ఐసీయూలో ఉన్నారు. ఇద్దరం వెళ్ళాం. బయట కుర్చీలో కూర్చుని నీలం కవర్లు తొడుక్కున్నాం, చేతులు కడుక్కున్నాం. మంచం దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు తెరిచి ఉన్నారు. నా ముఖం చూడలేదు. సునీత ముఖమూ చూడలేదు. తల కొంచెం తిప్పి, ముందు మా కాళ్ళవైపు చూశారు. నాలుగు పాదాలూ చూసుకున్నాక పైకి చూసి, "ప్లాస్టిక్‌వి. జారతాయి. జాగ్రత్త" అన్నారు. అంతసేపు ఉగ్గబట్టుకున్న సునీత ఫక్కున నవ్వింది. ఆవిడా నవ్వారు. ఆ వారమే వెళ్ళిపోయారు. పెద్దకర్మ నాడు సిద్దిపేట నుంచి వచ్చిన మల్లమ్మ అత్త, ఆవిడ ఫొటో ముందు ఒక పేకముక్క పెట్టి, "తొండి చెయ్యకు అక్కా" అంది. బల్లను వాళ్ళమ్మాయి మాకే ఇచ్చింది. ఇప్పటికీ మా గుమ్మం బయట, గడపకు ఆనుకుని ఉంది. ఇప్పుడు తొడుగుల అవసరం లేదు. అయినా వచ్చినవాళ్ళు ఎందుకో ఒకసారి దాని మీద కూర్చుని, చెప్పులు విప్పి, కాసేపాగి లోపలికి వస్తారు.

నమూనా ఫ్లాట్ గుమ్మంలో అందుకే సునీత ఆగిపోయింది. అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు. చికిత్స తర్వాత ఆమె ఒంటికాలి మీద నిలబడితే తూలిపోతుంది. నేను నా కవర్లు తొడుక్కుని లోపలికి వెళ్ళి, గుమ్మానికి లోపలి వైపు ఆ ఇటాలియన్ మార్బుల్ మీద మోకాళ్ళు ఆనించాను. నా మోకాళ్ళూ ఇప్పుడు ఊరుకోవు. సునీత నా తల మీద చెయ్యి పెట్టి కుడికాలు ఎత్తింది.

టై యువకుడు కంగారుపడి పరుగెత్తుకొచ్చాడు. "సార్, సార్, మీరెందుకు సార్, నేను వేస్తాను."

"వద్దు బాబూ, ఆయనకు తెలుసు" అంది సునీత. ఎడమకాలు కూడా లోపల దించాక, ఆమె హాలు వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, బయటి కారిడార్‌ను, గడపను, మధ్య ఉన్న ఖాళీని కళ్ళతో కొలిచింది.

"బాబూ, ఇక్కడ గడపకు ఆనుకుని ఒక బల్ల పడుతుందా? ఇంత పొడుగుంటుంది" అని రెండు చేతులూ చాచి చూపించింది.

షూ ర్యాక్ కోసమా మేడమ్ అనడిగాడతను. సునీత నావైపు చూసి నవ్వింది. అతను జేబులోంచి టేపు తీసి, మేం చూస్తుండగా, గుమ్మం ముందు వంగి కొలవడం మొదలుపెట్టాడు.